అతిమానవుల బొమ్మలకథలలో విజ్ఞానశాస్త్రం

పిల్లవాని చేతిలో బొమ్మలపుస్తకం కనబడితే పెద్దలు రెండు విధాలుగా మాట్లాడుతూ ఉంటారు. అందులో ఉన్నదంతా అబద్ధమనీ, చదువు పాడవుతుందనీ కొందరు విసుక్కొంటారు. అది వట్టి కాలక్షేపమే గనుక పట్టించుకోనక్కరలేదని మరికొందరు అంటారు. అతిమానవ వీరుల కథల విషయంలో ఈ రెండు మాటలూ చాలవు. ఎందుచేతనంటే, జానపద కథ మంత్రం పేరు చెప్పుకొని నడుస్తుంది. ఈ కథలు విజ్ఞానశాస్త్రం పేరు చెప్పుకొని నడుస్తాయి. పరమాణువు, కిరణం, ఉత్పరివర్తనం, యంత్రం అనే మాటలు వాటి పుటల నిండా ఉంటాయి. గోదావరి కాలువల కింద ఉన్న రాయవరం వంటి ఊళ్ళో, ఒక బాలుడు కళాశాల ప్రయోగశాలలో అడుగు పెట్టకముందే గామా కిరణాల పేరును ఈ కథలలోనో, వాటి ఆధారంతో తీసిన చలనచిత్రాలలోనో విని ఉంటాడు. అంటే ఈ కథలు అతనికి ఒక విధంగా తొలి ఉపాధ్యాయులే. ఆ ఉపాధ్యాయులు చెప్పే పాఠం ఏమిటో పరీక్షించటం అవసరం.

కారణం మారింది, కథ మారలేదు

ఈ కథల చరిత్ర చాలా పొడవైనది కాదు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు యువకులు సృష్టించిన సూపర్‌మేన్ 1938లో అమెరికాలో అచ్చయినాడు. అతడు వేరొక గ్రహంనుండి వచ్చినవాడు. అందుచేత అతని బలానికి భూమిమీది శాస్త్రం పూచీ పడనక్కరలేకపోయింది. తరువాత వచ్చిన వీరులు మాత్రం మనవంటి మనుషులే. వారికి బలం ఎక్కడినుండి వచ్చిందో చెప్పవలసి వచ్చినప్పుడు రచయితలు శాస్త్రాన్ని ఆశ్రయించారు. 1956లో వచ్చిన ఫ్లాష్‌కు పిడుగుపాటువల్ల మీద చిందిన రసాయనాలు వేగాన్ని ఇచ్చినవి. 1961లో వచ్చిన నలుగురు అద్భుతవీరులకు అంతరిక్షంలోని విశ్వకిరణాలు శక్తినిచ్చినవి. 1962లో హల్క్‌కు గామా కిరణాలు, అదే సంవత్సరం స్పైడర్‌మేన్‌కు రేడియోధార్మికత సోకిన ఒక సాలెపురుగు కాటు ఆ పని చేసినవి.

ఈ వరుసలో ఒక విశేషం ఉన్నది. హిరోషిమా తరువాతి సంవత్సరాలలో ప్రజలకు అన్నిటికంటె భయం కలిగించిన మాట ‘కిరణం’. కథలలో బలమిచ్చినది కూడా అదే. 2002లో స్పైడర్‌మేన్ చలనచిత్రం వచ్చేనాటికి ఆ భయం జన్యువులమీదికి మళ్ళింది. దానితోపాటు ఆ సాలెపురుగు కూడా మారిపోయింది. రేడియోధార్మిక సాలెపురుగు పోయి, జన్యువులు మార్చిన సాలెపురుగు వచ్చింది. కాటు మాత్రం అదే, కలిగిన ఫలితమూ అదే. కారణం మారినా కార్యం అణుమాత్రమైనా మారలేదంటే, ఆ కారణం కథలో నిజంగా ఏ పనీ చేయటం లేదన్నమాట. శాస్త్రపదం అక్కడ ఇంటి గుమ్మానికి కట్టిన తోరణం వంటిది. పండుగనుబట్టి తోరణం మారుతుంది గాని, ఇల్లు మారదు.

అయినా ఈ కథలు తమ కాలపు శాస్త్రాన్ని బొత్తిగా ఎరగనివని చెప్పటం అన్యాయం. 1945 ఏప్రిల్‌లో అమెరికా దినపత్రికలలో వస్తున్న సూపర్‌మేన్ కథలో ఒక ఆచార్యుడు అతనిని సైక్లోట్రాన్ అనే యంత్రం ముందు నిలబెట్టి, కణాలతో కొట్టే ఘట్టం వచ్చింది. సైక్లోట్రాన్ కల్పన కాదు. పరమాణు పరిశోధనకు నిజంగా వాడే యంత్రం. పరమాణుబాంబు తయారీ పరమ రహస్యంగా సాగుతున్న రోజులవి. ఆ కథను అక్కడితో ఆపి దారి మళ్ళించవలసిందని ప్రభుత్వాధికారులు ప్రచురణకర్తలను కోరారు. కథకులకు రహస్యమేమీ తెలియదు. అప్పటికే అచ్చయిన శాస్త్రవార్తలు చదివి రాసినదే అది.

లెక్క వేసి చూస్తే

ఇక ఈ కథలలోని శాస్త్రం ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. ప్రతి తప్పునూ ఏరి చూపటం విమర్శ కాదు. కథకుడు ఒక అసంభవాన్ని ముందుగా ఒప్పుకోమని పాఠకుని కోరటం సాహిత్యంలో ఉన్న ఆచారమే. ఆ ఒక్కదానిని ఒప్పుకొన్న తరువాత మిగిలినదైనా సక్రమంగా నడుస్తున్నదా అనేదే చూడవలసిన విషయం.

మొదట గామా కిరణాలు. మనిషి దేహమంతటిమీద ఒక్కసారిగా కిలోకు 4 జౌళ్ళ చొప్పున గామా కిరణ శక్తి పడితే, చికిత్స అందనప్పుడు దాదాపు సగంమంది రెండు నెలలలోపల మరణిస్తారు. 60 కిలోల మనిషికి ఈ శక్తి మొత్తం 240 జౌళ్ళు మాత్రమే. చెమ్చాడు వేడి టీ తాగితే ఇంతకంటె ఎక్కువ వేడిమి కడుపులోకి పోతుంది. దేహపు ఉష్ణోగ్రత ఆ కిరణాలవల్ల ఒక డిగ్రీలో వెయ్యవ వంతు పెరుగుతుందేమో! మరి అంత చిన్న మొత్తం ప్రాణం ఎందుకు తీస్తుందంటే, టీ వేడిమి దేహమంతటా పరచుకొని పోతుంది. కిరణం తన శక్తిని జీవకణంలోని అణువులమీద గురిపెట్టినట్లు వదలి, వారసత్వ లక్షణాలను మోసే డి.ఎన్.ఎ. పోగులను తెంచుతుంది. ఎక్స్ కిరణాలవల్ల జీవులలో ఉత్పరివర్తనాలు కలుగుతాయని హెర్మన్ ముల్లర్ 1927లో పండ్ల ఈగలమీద నిరూపించి, 1946లో నోబెల్ బహుమతి పొందినాడు. ఆ మార్పులలో చాలా భాగం హానికరమైనవే. అందుచేత హల్క్ కథలో అసలు అబద్ధం బలం రావటం కాదు. తెగిన పోగులు ఒక వీరుని నిర్మిస్తాయని చెప్పటం. గడియారంమీద సుత్తితో కొడితే అది ఇంకా మంచి గడియారం అవుతుందనటం వంటిది ఇది.

రెండవది, చీమ బలం, సాలెపురుగు బలం. చీమ తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది గనుక, మనిషికి చీమ బలం వస్తే లారీని ఎత్తగలడని ఈ కథలు లెక్క కడతాయి. ఈ లెక్క తప్పని గెలీలియో 1638లోనే చూపినాడు. ప్రాణి పొడవు పెరిగితే కండరం అడ్డుకోత వర్గంగా పెరుగుతుంది, బరువు ఘనంగా పెరుగుతుంది. 5 మిల్లీమీటర్ల చీమను మీటరున్నర పొడవు పెంచినామనుకొందాం. పొడవు 300 రెట్లు, కండర బలం 90 వేల రెట్లు, బరువు 2 కోట్ల 70 లక్షల రెట్లు పెరుగుతుంది. చిన్నప్పుడు తన బరువుకు 20 రెట్లు మోసిన చీమ, ఇప్పుడు తన బరువులో పదిహేనవ వంతు మాత్రమే మోయగలదు. లారీ మాట అటుంచి, అది తన కాళ్ళమీద తాను నిలబడలేదు. చీమ బలమంతా చీమ చిన్నదనంలోనే ఉన్నది. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో జంతువుల పరిమాణాన్ని గురించి ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. ఆయన తరువాత భారత పౌరసత్వం స్వీకరించి, 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఇంత చక్కని విషయం సాలెపురుగు వీరుని కథలో చేయి చాపితే అందేంత దగ్గరలో ఉన్నా, కథకులు దానిని ముట్టలేదు.

మూడవది, పడిపోతున్న మనిషిని పట్టుకోవటం. ఈ కథలలో ఇది తరచుగా వచ్చే ఘట్టం. ఎత్తైన మేడమీదనుండి ఎవరో పడిపోతూ ఉంటారు. వీరుడు నేలకు బారెడెత్తున వారిని చేతులతో అందుకొంటాడు. వారు చిరునవ్వుతో లేచి నిలబడతారు. కొబ్బరిచెట్లమధ్య పెరిగినవారికి ఈ లెక్క తేలికగానే అర్థమవుతుంది. 15 మీటర్ల చెట్టుమీదనుండి పడిన మనిషి నేలను చేరేసరికి వేగం గంటకు 62 కిలోమీటర్లు. అతడు ఉక్కువంటి చేతులలో పడి, 15 సెంటీమీటర్ల దూరంలో ఆగినాడనుకొందాం. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే 100 వస్తుంది. అంటే వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణానికి 100 రెట్లు. 60 కిలోల మనిషిమీద 6 టన్నుల బరువు ఒక్కసారి పడినట్లే. ఆ చేతులు వీరునివైనా, కాంక్రీటు గచ్చు అయినా దేహానికి తేడా లేదు. అదే మనిషి గడ్డిమేటులో పడి మీటరున్నర లోతుకు దిగిపోయి ఆగితే, ఆ రేటు 10 రెట్లు మాత్రమే. ప్రాణం కాపాడేది పట్టుకొన్నవాని బలం కాదు, ఆగటానికి దొరికిన దూరం.

ఈ సూత్రాన్ని బొమ్మలకథ ఒకసారి గౌరవించింది. 1973లో వచ్చిన స్పైడర్‌మేన్ 121వ సంచికలో శత్రువు వంతెనమీదనుండి పడవేసిన గ్వెన్ స్టేసీ అనే యువతిని వీరుడు తన దారంతో కాలు పట్టి ఆపుతాడు; పైకి లాగి చూస్తే ఆమె చనిపోయి ఉంటుంది. అకస్మాత్తుగా ఆపటంవల్ల కలిగిన కుదుపే మరణానికి కారణమని తరువాత పాఠకుల లేఖల శీర్షికలో సంపాదకవర్గం సమాధానం ఇచ్చింది. పాఠకులు ఎన్నో ఏళ్ళు మరచిపోలేని ఘట్టమిది. ప్రకృతి నియమాన్ని పాటిస్తే కథ చప్పబడిపోతుందనే వాదానికి ఇదే జవాబు. నియమాన్ని పాటించినచోటనే ఆ కథకు బరువు వచ్చింది.

మాంత్రికుడూ శాస్త్రజ్ఞుడూ

లెక్కల తప్పులు దిద్దుకోవచ్చును. తరగతిలో ఒక గంట చాలు. దిద్దుకోవటానికి కష్టమైన తప్పు మరొకటి ఉన్నది. అది శాస్త్రజ్ఞుని రూపానికి సంబంధించినది.

1947 జూలైలో ప్రారంభమైన ‘చందమామ’ తెలుగు బాలురకు ఎందరో మాంత్రికులను చూపించింది. మాంత్రికుడు ఊరికి దూరంగా గుహలో ఉంటాడు. అతని విద్య రహస్యం. అతని మంత్రం అతనికే పలుకుతుంది. శిష్యుడు దొంగిలించి చదివితే కీడు జరుగుతుంది. అతని ప్రాణం ఎక్కడో చిలుకలో దాగి ఉంటుంది. ఆ కథ తాను కథనని దాచుకోదు గనుక ఎవరికీ నష్టం లేదు. ఇప్పుడు అతిమానవ కథలలోని శాస్త్రజ్ఞుని చూడండి. అతని ప్రయోగశాల మేడ కిందనో, కొండలోపలనో ఉంటుంది. అతడు ఒంటరివాడు. అతని సూత్రం ఇతరులకు పనిచేయదు. దానిని దొంగిలించినవాడు రాక్షసుడవుతాడు. గుహకు తెల్ల సున్నం వేసి, మంత్రం బదులు సూత్రం రాసి, గడ్డం బదులు తెల్లకోటు తొడిగితే ఈ పాత్ర తయారవుతుంది.

మంత్రానికీ శాస్త్రానికీ ఉన్న భేదం ఇక్కడే ఉన్నది. మంత్రం ఒకనికే ఫలిస్తుంది. శాస్త్రఫలితం సరైన పద్ధతిలో ఎవరు చేసినా ఫలించాలి. ఫలించకపోతే అది శాస్త్రఫలితమే కాదు. ఈ గీటురాయిమీద చూస్తే ఐరన్‌మేన్ కథ ఆసక్తికరమైనది. అతనికి కిరణాలూ లేవు, కాటూ లేదు, అతడు యంత్రనిర్మాత. కాబట్టి అందరికంటె శాస్త్రానికి దగ్గరవాడు కావాలి. 1963లో వచ్చిన మొదటి కథలో అతడు వియత్నాంలో బందీగా ఉండి ఉక్కు కవచం తయారుచేస్తాడు. ఒంటరిగా కాదు, తోటి బందీ అయిన యిన్‌సెన్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు అతనితో కలిసి ఆ పని చేసి, అతనికి వ్యవధి కల్పించటానికి ప్రాణం ఇస్తాడు. ఆ ఆచార్యుడు ఆ కథలోనే ముగిసిపోతాడు. కవచంమీద ఒక్కని పేరే మిగులుతుంది. 1987, 1988 సంవత్సరాల సంచికలలో ఈ కవచపు నమూనాలు ఇతరుల చేతికి చిక్కినట్లు తెలియగానే వీరుడు ఒక్కొక్కరిని వెదకి, వారి యంత్రాలను ధ్వంసం చేస్తాడు. జ్ఞానం ఒకచోట నిలిచి ఉండదని కథకులకు తెలిసిందన్నమాట. కాని అది వ్యాపించటం వారికి దొంగతనంగానే కనిపించింది.

పరిశోధన చేసేవారికి ఈ కథలలో కలిగే గతి కూడా గమనించదగినది. స్పైడర్‌మేన్ శత్రువులలో డాక్టర్ ఆక్టోపస్ పరమాణు శాస్త్రజ్ఞుడు. తెగిపోయిన తన చేతిని మళ్ళీ మొలిపించుకోవాలని ప్రయోగం చేసిన డాక్టర్ కానర్స్ బల్లిమనిషి అయినాడు. ప్రమాదవశాత్తు శక్తి తగిలినవాడు వీరుడు, కోరి ప్రయోగం చేసినవాడు రాక్షసుడు. తెలుసుకోవాలనే కోరికకు ఇది శిక్ష విధించినట్లే. వీరుడైన స్పైడర్‌మేన్ కూడా విజ్ఞానశాస్త్ర విద్యార్థే. తన దారాన్ని విసిరే సాధనాన్ని అతడు స్వయంగా చేసుకొన్నాడు. అయినా పుట మొత్తంమీద కంటికి ఆనేది అతని ఎగురుడే గాని, ఆ సాధనానికై అతడు ఎన్నిసార్లు విఫలుడైనాడో కాదు.

ఇట్టి చిత్రాలు పిల్లల మనస్సులో నాటుకొంటాయా? డేవిడ్ చేంబర్స్ అనే పరిశోధకుడు 1983లో ప్రకటించిన అధ్యయనంలో 4,807మంది బాలబాలికలచేత శాస్త్రజ్ఞుని బొమ్మ గీయించాడు. స్త్రీ శాస్త్రజ్ఞురాలిని గీసినవి 28 బొమ్మలు మాత్రమే. అవన్నీ బాలికలు గీసినవే. కోటు, కళ్ళజోడు, గడ్డం వంటి గుర్తులు తరగతి పెరిగినకొద్దీ ఎక్కువైనవి. దీనికి బొమ్మలకథలే కారణమని అనలేము. పాఠ్యపుస్తకాలకూ, చలనచిత్రాలకూ ఇందులో వాటా ఉన్నది. అయితే పిల్లలు ఆ రూపాన్ని ఎక్కడో ఒకచోట చూసే నేర్చుకొంటారు.

తెలుగు తెరమీద

తెలుగులో అతిమానవ వీరుడు అచ్చుపుటమీదకంటె వెండితెరమీదనే ఎక్కువ పేరు సంపాదించాడు. 1980లో ఎన్.టి. రామారావు నటించిన ‘సూపర్‌మేన్’ వచ్చింది. అమెరికా వీరుని దుస్తులు తెచ్చుకొన్నా, ఈ వీరునికి బలం వేరే గ్రహంనుండి రాలేదు. ఆంజనేయుని అనుగ్రహంనుండి వచ్చింది. 2024 జనవరిలో విడుదలైన ప్రశాంత్ వర్మ చిత్రం ‘హను-మాన్’లో అంజనాద్రి అనే కల్పిత గ్రామంలోని హనుమంతు అనే యువకునికి సముద్రగర్భంలో దొరికిన మణివల్ల బలం వస్తుంది. ఆ మణి హనుమంతుని రక్తబిందువునుండి పుట్టినది.

ఇందులో ఒక నిజాయితీ ఉన్నదని ఒప్పుకోవాలి. మణి మహిమ అని చెప్పిన కథ గామా కిరణాలను సాక్ష్యానికి పిలవదు. అద్భుతాన్ని అద్భుతమనే చెపుతుంది. ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పేటికను చూసి ఎవరూ మోసపోలేదు గదా. కాని ‘హను-మాన్’లో శాస్త్రం లేకపోలేదు, అది ప్రతినాయకుని ఇంట ఉన్నది. మైకేల్ అనే ఆ ప్రతినాయకుడు చిన్ననాటినుండి అతిమానవుడు కావాలనే పిచ్చిలో పెరిగి, యంత్రకవచంతో, ఒక శాస్త్రజ్ఞుని సహాయంతో ఆ బలాన్ని సంపాదించాలని చూస్తాడు. చిత్రం చెప్పదలచుకొన్న నీతి మంచిదే: బలాన్ని కోరి వేటాడేవాడు వీరుడు కాడు. అయితే బొమ్మలో మిగిలే పంపకం ఏమిటి? బలం భక్తునికి దైవదత్తం. ప్రయోగశాల దుర్మార్గునికి ఆయుధశాల. అమెరికా కథలలో ప్రయోగం చేసినవానికి పట్టిన గతే తెలుగు కథలోనూ పట్టింది. మణి దొరికిన ఊరి పక్షాన నిలబడి, నీటిని పరీక్షించే రసాయనశాస్త్ర విద్యార్థినికో, విరిగిన మోటారును బాగుచేసే మెకానిక్కుకో ఒక చిన్న పాత్ర ఇచ్చినా ఆ పంపకం మారిపోయేది.

గోదావరి గడ్డమీద వీరపూజ

ఈ దోషం విదేశాలనుండి దిగుమతి అయినదని సరిపెట్టుకోవటానికి వీలులేదు. గోదావరి డెల్టాలో ఊరూరా సర్ ఆర్థర్ కాటన్ విగ్రహాలు ఉన్నవి. ఆ కృతజ్ఞత న్యాయమైనది. 1847లో ప్రారంభమై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ ప్రాంతపు జీవితాన్నే మార్చింది. రాయవరం చుట్టుపక్కల వరిచేలు ఆ కాలువల చలవే. కాని జనం చెప్పుకొనే కథలో కాటన్ దొర ఒక్కడే గుర్రమెక్కి వచ్చి, నదిని చూసి, ఆనకట్ట కట్టి వెళ్ళినట్లు ఉంటుంది. అది అతిమానవుని కథే.

నిజమైన కథ అంతకంటె గొప్పది. లోతైన ఇసుక పాన్పుమీద గట్టి రాతి పునాది లేకుండా ఆనకట్ట ఎట్లా నిలుస్తుందనేది సమస్య. కాటన్ ఆ పాఠాన్ని తంజావూరు ప్రాంతంలో, కావేరిమీద చోళుల కాలంలో కట్టిన కల్లణను పరిశీలించి నేర్చుకొన్నాడు. పేర్లు కూడా తెలియని తమిళ నిర్మాతలు ఎన్నో శతాబ్దాల క్రిందట చేసిన ప్రయోగమది. గోదావరి దగ్గర ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. రాయి కొట్టినవారు, పడవలు నడిపినవారు, వడ్రంగులు, కమ్మరులు వేల సంఖ్యలో ఉన్నారు. ఆనకట్ట ఒకసారి కట్టి వదలినదీ కాదు. తరువాతి తరాలు దానికి మరమ్మతులు చేస్తూ వచ్చినవి. చివరికి దాని స్థానంలో కట్టిన కొత్త బరాజ్ 1982లో పూర్తి అయింది. ఉక్కుకవచం కథలో యిన్‌సెన్‌కు పట్టిన గతే మన కథలో వీరన్నకు పట్టింది. ఆయన పేరు తెలిసినవారు తక్కువ.

విజ్ఞానాన్ని ప్రచారం చేసే రచనలు కూడా ఈ దోషానికి అతీతం కావు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు చాలాభాగం ఆయనను ఒక అద్భుతవీరునిగానే చూపుతాయి. ఇన్ని మందులు ఒక్కడే కనిపెట్టినాడని పట్టిక ఇస్తాయి. ఆరియోమైసిన్‌ను మట్టిలోని సూక్ష్మజీవినుండి వేరుచేసినవాడు ఆయన పరిశోధనశాలలో పనిచేసిన బెంజమిన్ డగ్గర్. ఆ మాట చెప్పినందువల్ల సుబ్బారావు చిన్నవాడు కాడు. అన్ని శాఖల నిపుణులను ఒకచోట చేర్చి, ఒక ప్రశ్నమీద నిలిపి పనిచేయించటమే ఆయన గొప్పతనం. యువకుడుగా హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించినది కూడా అద్భుత ఔషధం కాదు. రక్తంలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతనుబట్టి కొలిచే ఒక పద్ధతి. కొలత కుదిరిన తరువాతనే కండరంలోని శక్తి రహస్యం ఆయనకు చిక్కింది. ఏ అతిమానవ కథలోనైనా ఒక కొలత పద్ధతికి ఒక పుట కేటాయించినారా?

సుబ్బారావు బృందం సాధించిన ఫలితాలలో గోదావరి జిల్లాలకు అన్నిటికంటె దగ్గరిది డై ఇథైల్ కార్బమజీన్. దీనిమీద పరిశోధన ఫలితాలు 1947లో వెలువడినవి. బోదకాలు కలిగించే సన్నని పురుగు పిల్లలను రక్తంలో చంపే మందు అది. ఈ వ్యాధి తరతరాలుగా ఈ డెల్టాను పీడించింది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దానిని ఒకరినుండి ఒకరికి మోస్తుంది. ఇప్పుడు ఈ మందు పనిచేసే తీరు చూడండి. బాగా ముదిరిన కాలివాపును అది తిరిగి మామూలు చేయదు. కనుక రోగి ముందు నిలబడి ‘ఇదిగో అద్భుతం’ అని చూపటానికి ఏమీ లేదు. రక్తంలో పురుగు పిల్లలున్నవాడు పైకి ఆరోగ్యంగానే కనబడుతూ, దోమలద్వారా వ్యాధిని పంచుతూ ఉంటాడు. అందుచేత వ్యాధి కనబడినవారికి మాత్రమే ఇస్తే లాభం లేదు. చిన్నపిల్లలు, గర్భిణులు, తీవ్రవ్యాధిగ్రస్తులు తప్ప మిగిలిన ఊరంతా ఏడాదికొకసారి, కొన్ని సంవత్సరాలపాటు మింగాలి. మొత్తం జనాభాలో కనీసం నూటికి 65మంది మింగితేనే ఆ విడత ఫలించినట్లు లెక్క. భారతదేశంలో 2004నుండి ఈ మాత్రలను పెద్ద ఎత్తున పంచటం మొదలైంది.

అంటే ఈ విజయానికి ఒక్క వీరుడంటూ లేడు. అమెరికాలో పరీక్షలు చేసిన బృందం, మాత్రలను లెక్కపెట్టి ఇంటింటికి తెచ్చే ఆరోగ్య కార్యకర్త, తనకేమీ జబ్బు లేకపోయినా పొరుగువాని కోసం మాత్ర మింగిన రైతుకూలీ, అందరూ కలిస్తేనే ఆ బలం పుడుతుంది. ఎక్కడ చూసినా ఈ పనికి ఎదురయ్యే పెద్ద ఆటంకం, మాత్రను తీసుకొని గూటిలో పెట్టి మరచిపోవటమే. నాకు జబ్బు లేదు గదా, నాకెందుకు అనుకోవటం సహజం. శాస్త్రమంటే ఎవరో ఒక మహావీరుడు ఎక్కడినుండో ఎగిరివచ్చి, ఒక్క దెబ్బతో శత్రువును కూల్చటమని నమ్మి పెరిగినవానికి, అందులో తన వాటా కూడా ఒకటి ఉన్నదని తోచదు. అతిమానవుల బొమ్మలకథలమీద మోపవలసిన అసలు అభియోగం ఇదే. అవి న్యూటను నియమాలను ఉల్లంఘించినవని కాదు. శాస్త్రబలాన్ని అందరి చేతులనుండి తీసి, ఒక్కని దేహంలో పెట్టినవని.

ఏమి కోరాలి

ఈ కథలను నిషేధించాలనే మాట పాతదే. 1954లో అమెరికాలో బొమ్మలకథలమీద పెద్ద ఆందోళన లేచి, ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి విధించుకొన్నారు. ఆ నియమావళి హింసను, భీభత్సాన్ని కత్తిరించింది గాని, శాస్త్రజ్ఞుని రూపాన్ని బాగుచేయలేదు. కిరణాల వీరులందరూ దాని తరువాత పుట్టినవారే.

చేయదగిన పని వేరొకటి ఉన్నది. రాయవరంలోనైనా, మరే ఊళ్ళోనైనా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు ఈ కథలను తరగతిలోకి రానివ్వవచ్చును. పడిపోయినవానిని వీరుడు ఎంత దూరంలో ఆపినాడో కొలవమని చెప్పవచ్చును. కిరణం తగిలితే నిజంగా ఏమవుతుందో లెక్క వేయించవచ్చును. ఆ తరువాత రెండు ప్రశ్నలు అడగాలి: ఈ పని మరొకరు చేస్తే ఫలిస్తుందా? ఈ వీరునికి సాయం చేసినవారు ఎవరు, వారి పేర్లు పుటలో ఎక్కడ ఉన్నవి? పదేళ్ళ పిల్లలు కూడా ఈ ప్రశ్నలకు జవాబు వెదకగలరు.

తెలుగులో బొమ్మలు వేసేవారికి, కథలు అల్లేవారికి వస్తువు కొరత లేదు. ఇసుకమీద ఆనకట్ట నిలపటానికి చేసిన ప్రయత్నం, నీలిరంగును చూసి భాస్వరాన్ని కొలిచిన యువకుని పట్టుదల, ఊరంతా కలిసి ఒక పురుగును ఓడించటం, ఇవన్నీ బొమ్మలలో చెప్పదగిన కథలే. వాటిలో ఎగిరేవారు ఉండకపోవచ్చును. చదివిన బాలుడు పుస్తకం మూసిన తరువాత, మాత్రలు తెచ్చిన కార్యకర్త గుమ్మంలో నిలబడినప్పుడు, మంచినీళ్ళ గ్లాసు తెచ్చి తాను మింగి, నాయనమ్మచేత కూడా మింగిస్తే అంతకంటె కావలసినది లేదు.